కంట్లో పువ్వు

ఇరవై నాలుగేళ్లుగా ఒక్క మాట మోస్తున్నాను. పువ్వు. మోయడానికి ఎంత తేలికైన మాట! నా నోట్లో నువ్వుగింజ నానదని హిందూపురం బజారంతా ఎగతాళి చేస్తుంది. ఈ ఒక్కటి మాత్రం నానుతూనే ఉంది. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు.

నా కూతురికి రెండేళ్లప్పుడు ఎడమ కంట్లో తెల్లగా మెరిసింది. మా అమ్మ చూసి పువ్వు పడిందంది. బెంగళూరు డాక్టర్లు క్యాన్సరన్నారు. కరెంటు పెట్టారు, రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటాం. కన్ను నిలిచింది, బిడ్డ బతికింది. ఫైలు నా చేతిలో పెడుతూ, కరెంటు తగిలిన చోట ఎన్నేళ్లకైనా ఎముకలో మళ్లీ రావచ్చు, ఏటా చూపించండి, ఈ కాగితాలు జీవితాంతం ఈమె దగ్గరే ఉండాలి అన్నారు. విన్నాను. అర్థమైంది కూడా. అయినా ఇంటికొచ్చి అడిగినవాళ్లందరికీ పువ్వనే చెప్పాను. బిడ్డను వేరుగా చూస్తారని భయం. భయమా, నా పరువా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. పెరిగేకొద్దీ ఆ కంటి పక్క కణత లోపలికి పోతే ఉయ్యాల్లోంచి పడిందన్నాను. ఆమెకూ అదే చెప్పాను. ఫైలు మా బట్టల కొట్టు అటక మీదికి పోయింది.

నిరుడు ఆ కణత కింద, చెంప మీద వాచింది. ఆమె అత్తగారి ఊరు ధర్మవరం. అక్కడ డాక్టరు దగ్గరికి నేనూ వెళ్లాను. పక్కన అల్లుడున్నాడు.

"చిన్నప్పుడు ఈ కంటికేమన్నా కరెంటు పెట్టించినారా?" అన్నాడు డాక్టరు.

ఆమె నవ్వింది. "కరెంటు యాడిది సార్? పువ్వు పడిండె, అంతే. ఏం నాయనా?"

"ఊ. పువ్వే," అన్నాను.

పంటి వాపనుకుని ఆయన మాత్రలు రాశాడు. ఐదు నెలలు మింగింది. ప్రతి ఆదివారం బస్సెక్కేవాణ్ణి, పెనుకొండ దాటేలోపు గుండె గట్టి చేసుకుని ఈరోజు చెప్పేయాలని. ధర్మవరంలో దిగి, పళ్ల సంచి ఆమె చేతికిచ్చి, పెరుగుతున్న ఆ వాపును కళ్లారా చూసి, తిరుగు బస్సెక్కేవాణ్ణి. థూ! ఎవరి నుంచి ఎవరిని కాపాడుతున్నాను నేను?

మాత్రలకు తగ్గక, వాపులోంచి ముక్క తీసి చేసిన పరీక్షలో ఎముక క్యాన్సరని తేలాక ఫైలు దించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. చెంప ఎముకతోపాటు పైదవడ సగం తీసేశారు. ముందే వచ్చుంటే ఇంత అవసరమయ్యేది కాదేమో అన్నారు. ఇంకా మందులు ఎక్కిస్తున్నారు. ప్రాణం నిలుస్తుందో లేదో చెప్పలేమంటున్నారు.

అల్లుడు నా మీదికి లేచాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. మాట సరిగా రాదిప్పుడు. కూడబలుక్కుని అంది: "పోనీండి. నాయనకు వయసైపోయిండాది. కరెంటు సంగతి మర్చిపోయినాడు పాపం."

నేను తలూపాను.

ఆమె క్షమించింది మతిమరుపును. అది నాది కాదు. ఇది రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది, అంతే. డాక్టరు అడిగిన ఆ క్షణాన ఫైలు ఏ మూటల వెనక ఉందో కూడా నాకు తెలుసు. నేను మర్చిపోలేదమ్మా.