పెద్దమ్మ వేయించిన చాటింపు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎద్దు తప్పిపోతే డప్పు చాటింపు వేయించేవారు. మేక తప్పిపోయినా వేయించేవారు. ఇంట్లో మతి తప్పిన ముసలిమనిషి ఎటో వెళ్ళిపోతే మాత్రం తలుపులు దగ్గరికి వేసుకుని చప్పుడు చేయకుండా వెతుక్కునేవారు. పరువు అలాంటిది మరి. మోత్కూరుకు ఆరు మైళ్ళ దూరంలో ఉండే మా పల్లెలో, నాకు తొమ్మిదేళ్ళ వయసులో, మా అవ్వ అలాగే వెళ్ళిపోయింది. అవ్వంటే మా బాపు తల్లి.

అప్పటికి రెండేళ్ళుగా ఆమెకు మరుపు. మొదట్లో పొయ్యి మీద జొన్న గటుక పెట్టి మరిచిపోయేది. తర్వాత తిన్న సంగతి మరిచిపోయి, కోడలు అన్నం పెట్టడం లేదని ఏడ్చేది. ఆఖరికి నన్ను తన చెల్లెలు అనుకుని, పుట్టింటికి ఎప్పుడు పోదామని అడిగేది. ఈ జబ్బును అల్జీమర్స్ అంటారని నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత. ఆనాడు మా ఇంట్లో దానికి పేరు లేదు, బయటికి పొక్కకూడదన్న కట్టడి మాత్రం ఉంది. మా అమ్మ చెడ్డ మనిషి కాదు. మా చిన్నత్తకు, అంటే బాపు చెల్లెలికి, సంబంధాలు చూస్తున్నారు. పిచ్చి వంశంలోనే ఉందని నలుగురూ అనుకుంటే పిల్లను ఎవరు చేసుకుంటారని ఆమె భయం. అందుకే చుట్టాలొస్తే అవ్వను వెనక అర్రలో ఉంచి బయట గొళ్ళెం పెట్టేది.

ఆ రోజు హుజూర్‌నగర్ వైపు నుంచి చిన్నత్తను చూసుకోవడానికి వస్తున్నారు. ఎండాకాలం, పొద్దు నడినెత్తికి వస్తోంది. బాపు వాళ్ళను తీసుకురావడానికి రోడ్డు మీదికి పోయాడు. గొళ్ళెం దగ్గర కాపలా నాది. లోపలి నుంచి అవ్వ నీళ్ళు అడిగింది. గొళ్ళెం తీసి, చెంబు తేవడానికి వంటింట్లోకి పోయాను. తిరిగి వచ్చేసరికి అర్ర ఖాళీగా ఉంది, పెరటి తలుపు తెరిచి ఉంది.

అమ్మ నన్ను కొట్టలేదు. కొడితే ఏడుస్తాను, ఏడిస్తే పక్కవాళ్ళు వింటారు. పశువుల కొట్టం చూసింది, గడ్డివాము వెనక చూసింది. మా ఊరి మెట్టచెలకల్లో గోడలు లేని బావులు చాలా ఉండేవి. అమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని, నీళ్ళకు వచ్చినదానిలా నడుస్తూ, రెండు బావుల్లోకి తొంగిచూసింది. ఎదురైనవాళ్ళు పలకరిస్తే నవ్వింది కూడా.

చుట్టాలు రానే వచ్చారు. మంచాలు వాల్చారు, మర్యాదలు మొదలయ్యాయి. చిన్నత్త తలవంచుకుని కూర్చుంది. అప్పుడే మా వాడకట్టులో గొర్లు కాసే మామ వాకిట్లోకి వచ్చి అమ్మను పిలిచాడు.

"అక్కా, మీ అత్త వాగు దిక్కు పోతాంది. ఒక్కతే ఉన్నది, కాళ్ళకు చెప్పులు గూడ లెవ్వు."

అమ్మ ఒకసారి వెనక్కి తిరిగి మంచాల వైపు చూసింది.

"మా అత్త ఇంట్ల పండుకున్నది. నువ్వు ఇంకెవర్నో చూసి ఉంటవు."

ఆయన "గట్లనా" అని తలగోక్కుంటూ తన గొర్ల దారిన పోయాడు. అవ్వను కళ్ళారా చూసిన ఒకే ఒక్క మనిషిని అమ్మ అబద్ధమాడి పంపేసింది. బాపుకు సైగ చేసింది, ఆయనకు అర్థం కాలేదు. అవ్వ ఆ ఎండలో వాగు దాటితే అవతల మైళ్ళకొద్దీ ఆముదపు చెలకలు, ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

నేను పెరటి గోడ దూకి పక్కింటి పెద్దమ్మ దగ్గరికి ఉరికాను. వెక్కుతూ అంతా చెప్పేశాను. ఇంటిగుట్టు రట్టు చేశానని వీపు చిట్లుతుందని తెలుసు, అయినా చెప్పాను. చాటింపు వేయించకపోతే అవ్వ దక్కదు, మా పేరున వేయిస్తే సంబంధం దక్కదు. పెద్దమ్మకూ పెళ్ళికెదిగిన ఇద్దరు కూతుళ్ళున్నారు. అరుగు మీద ఆమె అత్త చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. మా అవ్వకంటే పెద్దది, కానీ ఊళ్ళో ఎవరి పెళ్ళి ఎప్పుడైందో వారంతో సహా చెప్పే జ్ఞాపకం. చెవులు మరీ పాము చెవులు. కోడలు తనవైపు చూడగానే సంగతి పట్టేసింది.

"నేనే తప్పిపొయిన్నని చాటింపు ఏయించు. పొద్దూకేదాంక వడ్ల గుమ్మి ఎనుక కూసుంట. జర తంబాకు ఇచ్చిపో, ఊకె కూసోవాల్నంటే నాతోని కాదు."

అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది.

కాసేపట్లో డప్పు మోగింది. పక్కింటి ముసలవ్వ మతి తప్పి వాగు దిక్కు పోయిందని, కనబడితే తోలుకరావాలని చాటింపు. అది మా ఇంటి ముందు నుంచే పోయింది. చుట్టాలావిడ "అయ్యో పాపం" అంది. ఆ ముసలవ్వకు మతి ఎంత నికరంగా ఉందో ఊళ్ళో అందరికంటే అమ్మకే బాగా తెలుసు. వాకిట్లో అలాగే నిలబడిపోయింది.

ఊరు సగం వాగు మీదికి కదిలింది. నేను పెద్దమ్మ కొంగు పట్టుకుని నడిచాను. అప్పుడు విన్నాను ఆ మాటలు. చాటింపు ధైర్యమిచ్చిందో ఏమో, నడుస్తూ నడుస్తూ ఒక్కొక్కరు నోరు విప్పారు. ఒకాయన తన నాయిన ఆఖరి రోజుల్లో కొడుకులనే గుర్తుపట్టలేదన్నాడు. ఒకామె, "మా అత్తను రెండేండ్లు మంచానికి కట్టేసినం, ఎవ్వలకు చెప్పలే" అని ఏడ్చేసింది. ఇంకొకామె అక్కకు యాభై కూడా నిండకముందే మొదలైందట, దయ్యం పట్టిందని గుడి చుట్టూ తిప్పారట. నేను వేళ్ళు మడుస్తున్నాను. వాగు చేరేలోపు ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి వచ్చాను. ఇన్నాళ్ళూ మా ఒక్క ఇంటికే ఉందనుకున్న కష్టం ఇన్ని గొళ్ళేల వెనక ఉందా అని ఆ వయసులోనే అనిపించింది.

చాటింపు విని గొర్ల మామ వెనక్కి మళ్ళాడు. అవ్వను కనిపెట్టింది ఆయనే. వాగు ఇసుకలో ఎండిపోయిన చెలిమె గుంట పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళ కోసం వేళ్ళతో ఇసుక తవ్వుతోంది. పెదవులు పగిలాయి, అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఇంకొక్క గడియ అయితే ఉండేది కాదన్నారు. ముఖం చూడగానే ఎవరి అవ్వో అందరికీ తెలిసిపోయింది. గొర్ల మామ భుజాన వేసుకుని ఊళ్ళోకి తెచ్చేసరికి అమ్మ చుట్టాలను వదిలేసి ఎదురు ఉరికొచ్చింది. అవ్వ కాళ్ళు పట్టుకుని "మా అత్త. మా అత్తనే" అని అందరి ముందూ గట్టిగా ఏడ్చింది.

ఆ సంబంధం తప్పిపోయింది. చుట్టాలు మజ్జిగ కూడా ముట్టకుండా బండెక్కారు. రెండేళ్ళకు తెలిసింది, వాళ్ళ ఇంట్లోనూ గొళ్ళెం వేసిన అర్రలో ఒక ముసలాయన ఉన్నాడని. చిన్నత్తకు ఆ తర్వాత మంచి సంబంధమే దొరికింది. పెద్దమ్మ కూతుళ్ళ పెళ్ళిళ్ళూ ఆగలేదు. అవ్వ మాత్రం ఆ మరుసటి ఏడు పోయింది. పోయేవరకు మా అరుగు మీదే కూర్చుంది.

పెద్దయ్యాక నేను ఆశా వర్కరుగా చేశాను. పని మానేశాక కూడా, తెలంగాణ వచ్చిన ఈ ఏళ్ళలో, మా ఊరి ఆసుపత్రి నర్సమ్మ జబ్బుల లెక్కలకు పోతూ నన్ను వెంట తీసుకుపోయేది. అరవై దాటినవాళ్ళలో మరుపు జబ్బు ఎందరికుందో ఇంటింటా అడిగి రాయాలి. వయసు మీదపడేకొద్దీ ఎక్కువని, ఏ దేశాన్నీ ఏ కులాన్నీ వదలదని, చిన్న వయసులో అరుదే కానీ రాకపోదని డాక్టర్లు చెప్పారు. గడప గడపకూ "మా ఇంట్ల ఎవ్వలు లేరమ్మా" అన్న జవాబే. అప్పుడు నేను మా అవ్వ కథ చెప్పేదాన్ని. కథ సగంలో ఉండగానే లోపలి నుంచి ఒక పేరు బయటికొచ్చేది.

పోయిన ఏడు నర్సమ్మ మా ఇంటికే వచ్చి అదే ప్రశ్న అడిగింది. నా పక్కనే మా చెల్లె కూర్చుని ఉంది. మా అందరిలో చిన్నది, బళ్ళో టీచరుగా చేసింది. నల్లబల్ల ముందు నిలబడి ఏం చెప్పాలో గుర్తురాక ఏడ్చి, ఉద్యోగం మానేసి నా దగ్గరికి వచ్చింది. యాభై నాలుగేళ్ళు. నేను "అరవై దాటినోళ్ళల్ల ఎవ్వలు లేరమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు. అబద్ధం కాకపోవడమే నన్ను ఎక్కువ కాల్చింది. ఊరందరి గొళ్ళేలు తీయించినదాన్ని, మా ఇంటిది నా చేత్తోనే పెట్టుకున్నాను. సిగ్గేసింది, నా మీద నాకే అసహ్యం వేసింది. తన ఇంటికి లేని జబ్బును పెద్దమ్మ నెత్తికెత్తుకుంది. నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడానికే నోరు రాలేదు.

చెప్పులు వేసుకోకుండానే వీధిలోకి పోయాను. నర్సమ్మ అప్పటికే నల్లా దగ్గర ఉంది. బిందెలు పట్టుకుంటున్న ఆడవాళ్ళంతా వింటుండగా చెప్పాను.

"మా చెల్లెకున్నది బిడ్డా. యాభై నాలుగేండ్లు. నీ కాయిదంల జాగా లేకుంటే పక్కకన్న రాయి."

ఆమె కాగితం అంచున రాసుకుంది. నల్లా కింద బిందె నిండి పొర్లుతోంది. దాని తాలూకు మనిషి, నలభై దాటని ఇల్లాలు, కదలకుండా మా చెల్లె పేరు రాయడమే చూస్తోంది. మెల్లగా అంది.

"అక్కా, మా ఆయన పేరు గూడ రాయుమను."