ఇంటిపేరు మారిన దీపపు పురుగు

ఆ రోజుల్లో నాకు దయ్యాలంటే నవ్వులాట, మా ప్రొఫెసర్ అంటే చచ్చేంత భయం. అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఒక ఆంటీ ఇంట్లో అద్దెకుంటూ ఎం.ఎస్. చేస్తున్నాను. ఓక్ ఆకులు తిని బతికే ఒక దీపపు పురుగు (బియ్యపు గింజంత ఉంటుంది) ఎక్కడెక్కడ ఉందో మ్యాప్ మీద చుక్కలు పెట్టడమే నా థీసిస్. చుట్టుపక్కల కౌంటీలన్నిటికీ (మన జిల్లాల్లాంటివి) చుక్కలు పడ్డాయి, మా కౌంటీ ఒక్కటే ఖాళీ. చుక్క పడాలంటే చూశానంటే చాలదు, చచ్చిన పురుగును చూపించాలి. లేకపోతే నా డిగ్రీ ఆగిపోతుంది, దాని వెనకే వీసా.

ఓక్ చెట్లు మోడులైపోయి, పురుగన్నది ఎగరని చలికాలంలో ఒక సాయంత్రం చూద్దును కదా, చనిపోయిన అంకుల్ వాలుకుర్చీ చేతి మీద అది కూర్చుని ఉంది. నేను సీసా తెచ్చేలోపు ఆంటీ వచ్చి దాని పేరడిగారు. మనకులాగే వీటికీ ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత అనీ, దీన్ని పండితులు ఈమధ్యే ఒక గుంపులోంచి తీసి ఇంకో గుంపులో కలిపితే ఇంటిపేరు మారిందనీ హుషారుగా క్లాసు పీకాను. ఆంటీ తెల్లబోయారు.

"దత్తత పోయిందన్నమాట. మీ అంకుల్ కూడా దత్తత పోయారమ్మా, చిన్నప్పుడే," అని, కుర్చీ వైపు తిరిగి "ఏవండీ" అని పిలిచారు. అది రెక్కలు ఒకసారి విప్పి మూసింది. (గాలికై ఉంటుంది. తలుపులన్నీ వేసే ఉన్నాయి.)

అప్పట్నుంచి ఆంటీ ఆ కుర్చీ పక్కన కాఫీ పెట్టేవారు, నేను సీసా చున్నీ కింద దాచుకుని దొంగలా తిరిగేదాన్ని. చివరికి ఏడుపు ఆపుకోలేక సంగతి చెప్పేశాను. మర్నాడు పొద్దున ఆవిడ ఒక ఆవకాయ సీసా (కడిగిందే) నా చేతిలో పెట్టారు. లోపల పురుగు, ప్రాణం లేదు, రెక్కలు తీర్చిదిద్దినట్టు పరుచుకుని ఉంది. నేను సూదులతో సర్దినా అంత తిన్నగా రాదు.

"నీ చదువు గురించి చెప్పానమ్మా. తనే వచ్చి కూర్చున్నారు."

ఏ జాతో ఖాయంగా తేల్చాలంటే పొట్ట కోసి చూడాలి (ఈ ముక్క ఆంటీకి నేటికీ తెలియదు). ల్యాబ్‌లో కత్తి పట్టుకుని, అందరి ముందూ తెలుగులో గట్టిగా "ఏమీ అనుకోకండి అంకుల్" అనేశాను. చుక్క పడింది, డిగ్రీ వచ్చింది.

మొన్న ఆంటీ ఫోన్‌లో అంకుల్ ఎలా ఉన్నారని అడిగారు. మ్యూజియంలో గాజు పెట్టెలో భద్రంగా ఉన్నారని, కాకపోతే పండితులు మళ్ళీ మనసు మార్చుకుని పాత ఇంటిపేరే పెట్టారని చెప్పాను.

"అయితే వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయారన్నమాట," అన్నారు ఆవిడ.

ఆనాటి నేనైతే ఇంకో క్లాసు పీకి ఉండేదాన్ని. "అవునాంటీ," అన్నాను.