బొమ్మ టాక్సీకి వెనక అద్దం

ఆ ఆదివారం నేను బొమ్మ టాక్సీ పైకప్పును గరుకు కాగితంతో రుద్దుతున్నాను. దగ్గు వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకునేలోగా తెల్లటి అస్తరు రంగు మీద ఎర్రటి చుక్క పడింది. పక్కన ఎర్ర రంగు డబ్బా మూత తీసి ఉంది, వెనక దీపాల కోసం. రంగే చిందిందనుకుని తుడిచాను. గుడ్డ మీద అది రంగులా కనబడలేదు. గుడ్డను జేబులో పెట్టుకున్నాను.

ఇది అరవైల నాటి మాట. నేను ఖరగ్‌పూర్‌లో రైల్వే గుమస్తాను. పెళ్ళి కాలేదు, మెస్సులో ఉండేవాణ్ణి. మా అక్క భర్త వర్క్‌షాపులో పెయింటరు. బావకీ నాకూ ఒకటే పిచ్చి, కార్ల నమూనాలు కట్టడం. అసలు కారులో అడుగు ఉన్నది మా దగ్గర అర అంగుళం. పాలపొడి డబ్బాల రేకును చెక్క అచ్చు మీద వంచి బండి ఒళ్ళు చేసేవాళ్ళం. ఆ ఏడాది నలుపూ పసుపూ కలకత్తా టాక్సీ మొదలుపెట్టాం. బావ హౌరా స్టాండుకి వెళ్ళి టేపు పెట్టి టాక్సీని కొలిచాడు. "కొంటావా దాదా?" అని డ్రైవరు నవ్వితే, "మా క్వార్టర్లో పట్టదు, అందుకే సిన్నది సేసుకుంటన్నాం" అన్నాడట.

బావ క్వార్టరు నిమ్‌పురా రైల్వే యార్డు పక్కనే. ఇంజన్ల మసి రోజంతా రాలుతుంది. తడి రంగు మీద ఒక్క నలుసు పడినా గీకి మళ్ళీ వెయ్యాలి. అందుకని వెనక గది కిటికీ మూసి, తలుపు కింద తడి గోనె దోపి, ఇద్దరం నాలుగైదు గంటలు అందులోనే కూర్చునేవాళ్ళం.

సాయంత్రాలు జ్వరం మొదలయ్యాక ఆసుపత్రికి వెళ్ళాను. ఎక్స్-రే తీశారు. డాక్టరు పెద్దాయన, బెంగాలీ. ఫిల్మును వెలుతురుకి పెట్టి, "రైట్ అప్పర్ లోబ్‌లో, కుడి ఊపిరితిత్తి పైభాగంలో, ప్యాచ్ ఉంది. స్ప్యూటమ్, అదే కఫం, పరీక్షకి ఇవ్వండి. ఈ ఫిల్ము తీసుకుని గురువారం చెస్ట్ డాక్టరుని కలవండి. అంతవరకు అందరికీ దూరంగా ఉండండి" అన్నాడు. అర్థం కాకపోవడానికి నేను చదువురానివాణ్ణి కాదు. టీబీ గురించి అప్పటికే పుస్తకాల్లో చాలా చదివి ఉన్నాను.

స్ప్యూటమ్ ఇవ్వలేదు. గురువారం వెళ్ళలేదు.

కారణం పెద్దదైతే బాగుండునని ఇన్నేళ్ళూ అనుకున్నాను. పెద్దది కాదు. దసరా పూజ సెలవుల్లో రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో నమూనాల ప్రదర్శన ఉంది. అప్పటికి టాక్సీ పూర్తి కావాలి. జబ్బు పేరు బయటపడితే నన్ను వార్డులో పడేస్తారు, ఆ గదిలోకి రానివ్వరు. ఇంకో నాలుగు నెలలే కదా అనుకున్నాను.

టాక్సీ అద్దాలకు పల్చటి, పారదర్శకమైన రేకు కావాలి. పాత ఎక్స్-రే ఫిల్మును వేడి చాకలి సోడా నీళ్ళలో నానబెట్టి రుద్దితే నలుపు పోయి అద్దంలా వస్తుందని మాకు తెలుసు. మెస్సు బకెట్టులో నా ఫిల్ము నానబెట్టాను. నా పక్కటెముకలు వేళ్ళ కింద జారిపోయాయి. ఒక మూల మాత్రం సన్నటి బూడిద గీత పోలేదు. ఆ ముక్క వెనక అద్దానికి సరిపోయింది.

బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏటోయ్ గుమస్తా, ఏ దొరగారి కారు అద్దం కొట్టీసినావ్?"

"ఆసుపత్రిలో పాతది అడిగి తెచ్చాను బావా."

"ఈ గీత ఏటి?"

"నీటి మరక."

ఇంకో ఆదివారం దగ్గు ఎంతకీ ఆగలేదు. బావ కుంచె కింద పెట్టి లేచాడు. "రంగు వాసన నీకు పడతన్లేదు. కిటికీ తీసీనా?"

"వద్దు బావా. మసి పడిపోద్ది" అన్నాను. బావ కూర్చున్నాడు.

ప్రదర్శనలో టాక్సీని అందరూ మెచ్చుకున్నారు. అది ముగిసిన వారానికే ఆఫీసులో నోటినిండా రక్తం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చారు, అదే డాక్టరు. "పాత ఎక్స్-రే ఏది? కంపేర్ చెయ్యాలి" అన్నాడు. పోయిందన్నాను. "ఎవరితో ఎక్కువసేపు గడిపేవారు?" అని అడిగితే, మెస్సులో ఒక్కణ్ణే ఉంటానన్నాను. స్ప్యూటమ్ పాజిటివ్. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్, ఐఎన్‌హెచ్, పాస్ మాత్రలు. చెవుల్లో హోరు, నడిస్తే తూలుడు. పాస్ కడుపులో ఇమడక కొన్నాళ్ళు మానేశాను. జ్వరం తిరిగొచ్చింది. "మీరు మందు మానారు. జబ్బు మిమ్మల్ని మానలేదు" అని డాక్టరు నా మొహం చూడకుండా అన్నాడు.

అక్క క్యారేజీ తెచ్చేది. బావ నా మంచం పక్కన కూర్చునేవాడు. "ఎక్స్-రే తీయించుకో బావా" అని ఒకసారి అన్నాను. "నాకేటవుద్ది, సీసం రంగులు పీల్చి బతికినోణ్ణి" అన్నాడు. నేను మళ్ళీ అనలేదు. ఎందుకు తీయించుకోవాలో చెబితే మిగతాదీ చెప్పాలి.

నాకు నయమైంది. మరుసటి ఏడు బావకు దగ్గు పట్టుకుంది. రంగుల వల్లేనని వర్క్‌షాపులో అందరూ అన్నారు, ఆయనా అదే అనుకున్నాడు. ఆసుపత్రికి వచ్చేసరికి టీబీ రెండు ఊపిరితిత్తులకూ పట్టేసింది. షుగరు కూడా ఉంది. వానాకాలంలో పోయాడు. ఆయన బదులు రైల్వే అక్కకి పని ఇచ్చింది, క్వార్టరు ఆమెకే ఉండిపోయింది.

నా నుంచేనా అని డాక్టరుని అడిగాను. "ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరూ చెప్పలేరు" అన్నాడు. గది సంగతి చెప్పాను. కిటికీ, గోనె, అన్ని గంటలు.  "గాలి ఆడాలి బాబూ" అన్నాడాయన.

కొన్ని నెలల తర్వాత అక్క టాక్సీని తుడుస్తోంది. "తమ్ముడూ, ఎనక అద్దం మీద ఈ మచ్చ ఎంత తుడిసినా పోదేటి?"

"అది మచ్చ కాదక్కా. నా ఎక్స్-రే."

"ఎప్పటిది?"

"పూజకి నాలుగు నెలల ముందుది."

అక్క గుడ్డ మడిచి పెట్టింది. "కిటికీ తీత్తానన్నారు కదా మీ బావ. నేను వంటింట్లోంచి ఇన్నాను. నువ్వే వద్దన్నావు."

అవునన్నాను.

అక్క టాక్సీని తిరిగి దాని చోట పెట్టి, "ఈ బండి ఇక్కడే ఉంటాది. నువ్వు వచ్చినప్పుడల్లా సూడాల" అంది. నన్ను రావద్దనలేదు. క్షమించాననీ అనలేదు. నేను అడగలేదు.

ఇప్పుడు నా ఒంట్లో బాగానే ఉంది. ఏడాదికోసారి ఎక్స్-రే తీయించుకుంటాను. ఆదివారాలు అక్క ఇంటికి వెళ్తాను. నేను గడప దాటగానే అక్క ముందు వెనక గది కిటికీ తీస్తుంది, ఆ తర్వాతే కూర్చోమంటుంది. కొత్త నమూనాలు కట్టడం మానేశాను. టాక్సీ పసుపు మీద ఆ కిటికీలోంచి పడిన మసి చుక్కలు కనబడుతున్నాయి. ఇద్దరం వాటిని తుడవం.

చదివేవారికి ఒక్కటే చెప్పగలను. దగ్గు తగ్గకపోతే స్ప్యూటమ్ అడిగిన రోజే ఇవ్వండి. ఎక్స్-రే చేతికి రాగానే ఇంటికి తీసుకెళ్ళి, మీతో ఒకే గదిలో కూర్చునే మనిషి చేతిలో పెట్టండి. అది వాళ్ళకు అర్థం కానక్కర్లేదు. లేచి కిటికీ తీస్తానంటే తీయనివ్వండి.