కాయెవా ఇవ్వని తాళంచెవి

నీళ్ళు ఉప్పెక్కాయని ఆ దీవిలో అందరికన్నా ముందు తెలిసేది కాయెవాకే. రోజూ పొద్దున్నే బావి దగ్గరికి వెళ్తుంది. రాయి కట్టిన తాడు దించి లోతు చూస్తుంది, చెంచాడు నీళ్ళు నోట్లో వేసుకుని కాసేపు ఆగుతుంది. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. జీతం లేదు, పదవీ లేదు. ఓడ మీద పనికెళ్ళిన భర్త సముద్రంలోనే పోతే, పగడపు నేల తవ్వి బావులు కట్టి కూతురు రూతాను పెంచుకుంది.

ఆ దీవి వెడల్పెంతని! ఈ ఒడ్డున కేకేస్తే ఆ ఒడ్డున వినబడుతుంది. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచగా తేలుతూ ఉంటుంది. పైపైన మెల్లగా తోడుకుంటే నలభై కుటుంబాలకూ సరిపోతుంది, తొందరపడి లాగితే కింది ఉప్పు పైకొస్తుంది. అక్కడి చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది.

ఆ బావికి ఎండతో నడిచే పంపు బిగించడానికి వచ్చిన మనిషి బుద్ధిమంతుడే. పొద్దున రెండు గంటలు నడపండి, అంతకు మించి వద్దు అని పదిసార్లు చెప్పి, పంపు పెట్టె తాళంచెవి ఊరి పెద్ద తెబానో చేతిలో పెట్టి వెళ్ళాడు. తెబానో కాయెవా భర్తకు స్వయానా అన్న. ఊరంతా చేరి కూర్చునే మానియాబాలో ఆయన మాటకు తిరుగులేదు.

ప్రారంభోత్సవానికి రాజధాని నుంచి పడవ నిండా అధికారులు దిగారు. అతిథి కంటికి ఏదీ తక్కువని కనబడకూడదు, అది ఆ ఊరి పరువు. తెబానో మూడు రోజులు పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా పంపు నడిపించాడు. అధికారులు స్నానాలు చేశారు, బూట్లకంటిన ఇసుక కూడా ఆ నీళ్ళతోనే కడిగారు. తాగడానికి మాత్రం వాళ్ళ సీసాలు వాళ్ళు తెచ్చుకున్నారు! ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. నాలుగో రోజు కాయెవా నోట్లో వేసుకున్న నీళ్ళు ఉమ్మేసింది.

నాలుగు నెలలు ఊరు కొబ్బరి నీళ్ళతో ప్రాణం నిలుపుకుంది. రూతా బిడ్డ, ఎనిమిది నెలల పసిది, విరేచనాలు పట్టుకుని ఎముకల గూడయింది. తప్పెవరిదని ఒక్కరూ అడగలేదు. బావిలో పంది పడిందేమో అన్నాడు తెబానో. పందికి నోరు లేదు కదా, ఎంత నిందైనా మోస్తుంది.

వానలు పడి బావి మెల్లగా తేరుకుంది. పసిదాని బుగ్గలు మళ్ళీ నిండుతున్నాయి. సరిగ్గా అప్పుడే కబురొచ్చింది, చర్చి సభలకు శనివారం పక్క దీవుల నుంచి ఎనభై మంది వస్తున్నారని, వారం ఉంటారని. మానియాబాలో పెద్దలు విందుకు పందుల గురించీ పడుకునే చాపల గురించీ మాట్లాడుకున్నాక నీళ్ళ సంగతి వచ్చింది. పంపు ఉంది కదా, రోజంతా నడిపిద్దాం అన్నాడు తెబానో. అందరూ తలలూపారు. వెనక వరసలో కూర్చున్న కాయెవాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ దీవిలో ఒక పద్ధతి ఉంది. అయినవాళ్ళు వచ్చి ఫలానాది కావాలని అడిగితే ఇచ్చి తీరాలి, సైకిలైనా కుట్టుమిషనైనా. లేదన్నవాడికన్నా దొంగ నయమనుకుంటారు. కాయెవాను అందరూ అడిగారు, అందరికీ ఇచ్చింది. తను మాత్రం బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు.

ఆ రోజు మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి తెబానో ఎదుట కూర్చుంది.

“బావగారూ, మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఆ తాళంచెవి నాకు కావాలి.”

సభంతా బిగుసుకుపోయింది. తెబానో మొహం కందగడ్డ అయింది.

“నీకెందుకమ్మా ఆ బరువు?” అన్నాడు నవ్వబోతూ.

“ఎందుకో చెబితే అది వాదన అవుతుంది. నేను వాదించడం లేదు, అడుగుతున్నాను.”

తాళంచెవి కట్టుకున్న దారం మెడలోంచి తీసి ఇచ్చాడు. అందరి ముందూ ఇవ్వక ఏం చేస్తాడు?

శుక్రవారం మధ్యాహ్నం ఆయన భార్య తెయూరా వచ్చింది. రూతా పుట్టినప్పుడు బొడ్డు కోసిన చెయ్యి ఆమెది. కాయెవా ఇచ్చిన తీపి కల్లు తాగింది, చేపలు సరిగా పడటం లేదంది. ఆ తర్వాత కళ్ళెత్తకుండా అసలు మాట బయటపెట్టింది.

“చెల్లీ, నిన్ను అడుగుతున్నాను. ఆ తాళంచెవి ఇచ్చెయ్.”

ఎవరు పంపారో కాయెవాకు తెలియకపోతే కదా! సిగ్గులేని మనిషి, ఆడదాన్ని ముందుకు తోశాడు.

“ఇవ్వనక్కా.”

“ఏమన్నావ్?”

“ఇవ్వనన్నాను. ఈ ఇల్లు అడుగు, ఇప్పుడే చాప చుట్టుకుని బయటికి పోతాను. ఆ నీళ్ళు బావగారి గొప్పల కోసం పారబోయడానికి కావు. నా మనవరాలికి గొయ్యి తవ్వేదాకా వచ్చింది, నువ్వు చూళ్ళేదూ?”

తెయూరా లేచి వెళ్ళిపోయింది. కాయెవా లేదన్నదట అని సాయంత్రానికి ఊరంతా పాకింది.

ఎనభై మందీ వచ్చారు. మనిషికి రోజుకో బకెట్ నీళ్ళతో వారం గడిపి వెళ్ళారు, ఎవరికీ ఏమీ కాలేదు. కాయెవా రోజూ రెండు గంటలే పంపు నడిపి తాళం వేస్తోంది. నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. తెబానో కూడా అవే తాగుతున్నాడు. ఆమె మొహం చూడకుండా వచ్చి, నింపుకుని, ఆమె మొహం చూడకుండానే పోతారు అందరూ. ఎంత అన్యాయమైన జనం!

ఆమె ఇంటికి ఇప్పుడు ఎవరూ ఏదీ అడగడానికి రారు. ఆ దీవిలో అడగడం మానేశారంటే అయినవాళ్ళలోంచి తీసేసినట్టే. మొన్న పసిదాని గౌను చిరిగితే, రూతా తల్లి గుమ్మం ముందు నుంచే నడిచి, పక్కింటికి వెళ్ళి సూది అడిగింది.