సరోజ పేరుతో నేను చదివిన పేజీ

నా డైరీలో ఒక అబద్ధం ఉంది. ఆరేళ్ల కిందటి పేజీలో, నా చేతిరాతతోనే ఉంది. "ఇవాళ ఇన్‌స్పెక్టరు వచ్చారు. పరీక్ష బాగా జరిగింది." అంతే. ఆ రెండు ముక్కల కింద దాచిన దాన్ని ఆరేళ్లుగా మోస్తున్నాను. ఎదుట మనిషి ఉంటే నాకు మాట పెగలదు. మీరు నా ఎదుట లేరు, నా ముఖం మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. పిల్లల పేర్లు మార్చాను. నా పేరు రాయను. ఊరి పేరు కూడా వద్దు. వనపర్తికి బండి మీద ఒక పూట ప్రయాణం అనుకోండి.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. పెళ్లయి ఏడాదిన్నర. నా పుట్టిల్లు గద్వాల. నాన్న కచేరీలో గుమాస్తా కాబట్టి తెలుగుతోపాటు ఉర్దూ కూడా ఇంట్లోనే నేర్పించాడు. నా భర్త ఆ ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఆయన ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. హైస్కూలు వెనక గోడ కట్టి వేరు చేసిన రెండు గదుల్లో ఆడపిల్లల తరగతులు జరిగేవి. అక్కడ ఆడమనిషే చదువు చెప్పాలి. మా నిజాం సర్కారులో బడి చదువు ఉర్దూలోనే కాబట్టి, నాకు ఉర్దూ వచ్చునని తెలిసి నన్ను పిలిచారు.

పొద్దున్నే జొన్నరొట్టెలు చేసి, ఆయనకు గిన్నె కట్టి ఇచ్చి, బడి ఆయాతో కలిసి పరదా కట్టిన ఎడ్లబండిలో కూర్చునేదాన్ని. ఇంటింటి ముందు బండి ఆగేది, పిల్లలు ఎక్కేవాళ్లు. సాయంత్రం ఆయన తెచ్చిన పుస్తకాలు పొయ్యి దగ్గర కూర్చుని చదువుకునేదాన్ని. చదివింది ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ఆయన నవ్వేవారు: "నాతోని మాట్లాడనీకె నోరు రాదు గని, పిల్లలకేం చెప్తవో ఏమో." పిల్లల ముందు మాత్రం నాకు గొంతు వచ్చేది. ఆ గదిలోనే వచ్చేది.

ఎనిమిదో తరగతిలో ఆ ఏడు ఇద్దరే పిల్లలు. ఒకరు సరోజ, తహసీల్దారు గారి కూతురు. చెడ్డ పిల్ల కాదు. భయస్తురాలు. పుస్తకం తెరిస్తే ఆమె చేతులు చెమట పట్టేవి. ఇంకొకరు ఖాసింబీ. వాళ్ల నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. బడికి వచ్చేటప్పుడు ఆమె జడలో ఎప్పుడూ దూదిపింజలు ఉండేవి. బండిలో కూర్చున్నాక నేను ఒక్కొక్కటే తీసేదాన్ని. వాళ్లింట్లో తెలుగే మాట్లాడతారు. ఉర్దూ అంతా ఆమె బడిలోనే నేర్చుకుంది. ఒక్కసారి చెబితే చాలు, ఆమెకు వచ్చేసేది.

ఎనిమిది దాటితే అక్కడ ఆడపిల్లలకు చదువు లేదు. ఆ ఏడు మా బడి నుంచి ఒక్క పిల్లను హైదరాబాదులో ఆడపిల్లల వసతి గృహంలో ఉంచి, సర్కారు ఖర్చుతో చదివిస్తామన్నారు. ఆ పిల్ల ఎవరో ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షించి చెబుతారు. ఆ చోటు రాకపోతే ఖాసింబీకి పెళ్లి చేస్తారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. నాకూ తెలుసు.

మా దగ్గర మగ అధికారి ఆడపిల్లల గదిలోకి అడుగుపెట్టడు. గుమ్మానికి మందపాటి పరదా వేలాడుతుంది. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పేరు పిలిచి, ఫలానా పేజీ చదవమంటాడు. లోపలి నుంచి పిల్ల చదువుతుంది. ఆయనకు గొంతు వినిపిస్తుంది, అంతే. మనిషి కనిపించదు.

ఆ రోజు వరండాలో ఇన్‌స్పెక్టరు పక్కన తహసీల్దారు గారు కూడా కూర్చున్నారు. లోపల మేం ముగ్గురమే. ముందు ఖాసింబీ పేరు పిలిచారు. ఆమె నిలబడి చదివింది. ఒక్కచోట తడబడింది, తనే దిద్దుకుని ముందుకు పోయింది. "అచ్ఛా" అన్నారు బయటి నుంచి. ఆ తర్వాత సరోజ పేరు పిలిచారు.

సరోజ లేచింది. పుస్తకం తెరిచింది. గొంతు రాలేదు. నేను వీపు నిమిరాను. పెదవులు కదిలాయి గాని మాట బయటికి రాలేదు. బయట కుర్చీ కిర్రుమంది. తహసీల్దారు గారు దగ్గారు. నా భర్త ఉద్యోగం ఖాయం చేయాలన్న కాగితం ఆయన మాట సాయం కోసం నెలల తరబడి ఎదురుచూస్తోంది. సరోజ కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఆమె చేతిలోంచి పుస్తకం తీసుకున్నాను.

చదివాను.

ఆయన ఉద్యోగం కోసం చదివానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. ఏడుస్తున్న పిల్లను ఆదుకున్నానని కూడా చెప్పుకున్నాను. ఆ రెండూ కొంత నిజమే. కానీ ఉద్యోగం కోసమే అయితే, పదమూడేళ్ల పిల్లలా నాలుగుచోట్ల ఆగి, రెండు తప్పులు చదివి ఉంటే సరిపోయేది కదా? సరోజ గట్టెక్కేది. తండ్రి పరువు నిలిచేది. హైదరాబాదు చోటు ఖాసింబీకే వచ్చేది. ఎలా చదివితే ఎన్ని మార్కులు వస్తాయో నాకంటే ఎవరికి తెలుసు? ఆ పని చేయలేదు. ఒక్క తప్పు కూడా లేకుండా చదివాను. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గించి, పేజీ చివరికి వచ్చినా ఆపకుండా తర్వాతి పేజీలోకి కూడా పోయాను. నా జన్మలో ఒక పరాయి మగవాడు, చదువుకున్నవాడు, నేను చదువుతుంటే వింటున్నది అప్పుడే. పరదా నన్ను దాచింది. పేరు నాది కాదు. అంత ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. సరోజ ఏడుపు మరిచిపోయాను. ఖాసింబీ ఆ గదిలో ఉందన్న సంగతే మరిచిపోయాను.

"శాబాష్ బేటీ" అన్నారు ఇన్‌స్పెక్టరు. "ఈ పిల్ల ఎవరి బిడ్డ?"

 కూతురి గొంతు తండ్రికి తెలియదా? తహసీల్దారు గారు మెల్లగా అన్నారు: "మా బిడ్డనే సాబ్."

ఆ శాబాష్‌కి నా ఒళ్లంతా వెచ్చబడింది. ఇది రాయడానికే నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉంది.

బండి వచ్చేదాకా ఖాసింబీ, నేను అరుగు మీద కూర్చున్నాం. సరోజను వాళ్ల నాన్న తీసుకుపోయారు. ఖాసింబీ నేల చూస్తూ అంది.

"పంతులమ్మా, మీరు గంత మంచిగ చదువుతరని మాకు తెల్వదు."

నేను పుస్తకాన్ని సంచిలో పెట్టుకున్నాను.

"మాకు గట్ల చదివి చూపియ్యలేదు గద ఎన్నడూ."

"ఖాసింబీ, ఇంట్ల ఎవరికన్న..."

"చెప్ప," అంది. "నేను చెప్తే ఎవరు నమ్ముతరు పంతులమ్మా? మీరైతె మంచిగనే చదివిన్రు. నేనే ఒక్కకాడ తప్పు వోయిన."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. తన తప్పు వల్లే ఓడిపోయానని ఆ పిల్ల నిజంగా అనుకుంది. కాదని చెప్పవలసింది నేను. బండి వచ్చింది. ఎక్కాం. ఆమె జడలో దూదిపింజ ఉంది. తీయడానికి చెయ్యి రాలేదు.

నెల తిరక్కుండా నా భర్త ఉద్యోగం ఖాయమైంది. ఆయన పేడాలు తెచ్చారు. "తాసీల్దారు బిడ్డను ఇన్‌స్పెక్టరు మస్తు మెచ్చుకున్నడంట. చదువు చెప్పింది నువ్వేనాయె," అన్నారు. పేడా నోట్లో పెట్టుకుని తల ఊపాను.

సరోజ హైదరాబాదు వెళ్లి మూడు నెలల్లో తిరిగి వచ్చింది. అక్కడ ఆమె చదవలేదని, రోజూ జ్వరమని అన్నారు. ఆ చోటు ఖాళీ అయింది. చూశారా, నాకు ఇంకో దారి దొరికింది. ఖాసింబీని పంపమని ఇన్‌స్పెక్టరుకు ఉత్తరం రాస్తే చాలు. రాశాను. కానీ ఇంత బాగా చదివిన పిల్ల అక్కడ ఎందుకు చదవలేకపోయిందని ఆయన అడిగితే? ఉత్తరం పొయ్యిలో వేశాను. మొదటిది ఆవేశంలో చేసిన తప్పు అనుకోవచ్చునేమో. దీనికి ఏ పేరు పెట్టను? ఇది నిమ్మళంగా ఆలోచించి చేశాను.

ఆ మాఘంలో ఖాసింబీకి కల్వకుర్తి సంబంధం కుదిరింది. పెళ్లికి ముందు వాళ్ల నాన్న ఒక పరుపు భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. వద్దన్నాను. ఆయన వినలేదు.

"నా బిడ్డ రాత గట్లున్నది గని, మీరు చెప్పిన సదువు యాడికి పోతది పంతులమ్మా. ఆమెనే చెప్పింది, మా పంతులమ్మకు మెత్తటి దూదితోని కుట్టు నాయినా అని."

ఆరేళ్లుగా ఆ పరుపు మీదే పడుకుంటున్నాను. ఏటా దూది మళ్లీ ఏకించుకోవాలని ఆయన చెప్పి వెళ్లాడు. ఏకించడానికి ఆయన్ను పిలవాలి. పిలవలేదు. దూది గడ్డలు కట్టింది. వీపుకు గుచ్చుకుంటుంది. "కొత్తది కొందాం" అంటారు నా భర్త. వద్దంటాను. ఎందుకు వద్దో ఆయనకు తెలియదు. ఆయన ఉద్యోగం ఎలా ఖాయమైందో కూడా తెలియదు. చెబితే ఆ మంచి మనిషి రేపటి నుంచి బడికి ఎలా వెళతారు? చెప్పకపోతే నేను ఎలా ఉండాలి? ఈ రెంటి మధ్యే తిరుగుతున్నాను. బయటికి దారి కనిపించడం లేదు.

ఖాసింబీ ఎలా ఉందో తెలియదు. ఇద్దరు పిల్లలని ఆయా చెప్పింది. చదువుకోవడానికి ఆ ఇంట్లో కాగితం ముక్క అయినా ఉందో లేదో అడగలేకపోయాను.

ఆ రోజు తర్వాత తరగతిలో నేను పైకి చదవలేదు. పిల్లలచేతనే చదివిస్తాను. మంచి పద్ధతి అని మెచ్చుకుంటారు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. అడగవలసిన మనిషి కల్వకుర్తిలో ఉంది, అక్కడికి వెళ్లే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. డైరీలో ఆ పాత పేజీ తీసి, "పరీక్ష బాగా జరిగింది" అన్న మాట కొట్టేశాను. కింద "సరోజ పేరుతో నేను చదివాను" అని రాశాను. ఆయన బడికి వెళ్లారు. తలుపు గడియ వేసి, ఇంతవరకు రాసిందంతా మొదటి నుంచి పైకి చదివాను. ఖాసింబీ పేరు దగ్గర గొంతు ఆగిపోయింది. మంచినీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టాను.