పచ్చదారం కట్టిన కాయలు

నా చిన్నప్పుడు పత్తిచెట్టు నా భుజాల దాకా వచ్చేది. ఆళ్ళగడ్డ పక్కన మా పల్లె. విత్తనాల పత్తి వేసిన ప్రతి చేనులో పనంతా ఆడపిల్లలదే. రేపు విచ్చబోయే మొగ్గను సాయంత్రమే గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి తీసేయాలి. తెల్లవారాక మగపువ్వు తెచ్చి దానికి రుద్ది, గుర్తుగా తొడిమకు తెల్లదారం కట్టాలి. దాన్ని క్రాసింగు అనేవాళ్ళు.

ఆ పనికి పెద్దమనిషి కాని పిల్లల్నే పిలిచేవాళ్ళు. ముట్టయిన ఆడది మొగ్గను తాకితే కాయ నిలవదని మా వైపు గట్టి నమ్మకం. పిల్లలకైతే కూలి తక్కువన్న మాట మాత్రం ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

మా అక్క వేళ్ళు సన్నగా, చురుగ్గా ఉండేవి. చేను పెద్దాయన ముందు మా అక్కకే కబురు పెట్టేవాడు. తోటి పిల్లలు ఒక్కొక్కరే పెద్దమనుషులై పని పోగొట్టుకుంటుంటే మా అమ్మకు దిగులు పట్టుకుంది. ఈ పంట దాటేదాకా నా బిడ్డకు ఏమీ కాకూడదని రోజూ దీపం పెట్టి మొక్కేది.

మా పక్కింటి అక్క కూడా చిన్నప్పుడు ఆ చేలల్లో వంగి వంగి పెరిగిందే. ఎట్లాగో పది దాకా చదివింది. తనలాంటి ఆడవాళ్ళను ఇద్దరు ముగ్గుర్ని వెంటేసుకుని ఊరూరా తిరిగేది. పిల్లల్ని బడికి పంపమని గట్ల మీద కూర్చుని తల్లులను బతిమాలేది. పనీపాటా లేని ఆడోళ్ళంటూ ఊరు నవ్వేది. ఒకరోజు మా ఇంటికీ వచ్చింది.

"చిన్నమ్మా, పాపను బడికి పంపీ. చేనుకు మేం పెద్దోళ్ళం పోతాం."

"మీరు పోతే కాయ నిలబడతాదా?"

"నిలబడదని యాడన్నా చూసినావా, విన్నావా?"

"చూసేదానికి పంట తగలేసుకోమంటావామ్మే? పో, పోయి నీ పని చూసుకో."

ఆమె అక్కడే కూర్చుని మా అక్క తలకు నూనె రాసి, జడ వేసి వెళ్ళిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకే చేనుకు మందు కొట్టారు. ఆకుల మీద తడి ఆరకముందే పిల్లల్ని దింపారు. మొగ్గ మన కోసం ఆగదు కదా. మధ్యాహ్నానికి మా అక్క కళ్ళు మండుతున్నాయంటూ వచ్చి, వాంతి చేసుకుని వాకిట్లోనే పడిపోయింది. నాయన జీపులో నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాడు. ప్రాణం లేని ఆమెను వెనక్కి తెచ్చినప్పుడు గోళ్ళలో పుప్పొడి పసుపు అట్లాగే ఉంది. అమ్మ ఎంత తుడిచినా పోలేదు.

ఊళ్ళో తల్లులంతా భయపడి పిల్లల్ని చేనుకు పంపలేదు. పూత విరగబూసి ఉంది, పనికి చేతులు లేవు. అప్పుడు పక్కింటి అక్క తన వాళ్ళతో వెళ్ళి చేనులో నిలబడింది.

"మీలో ముట్టయినోళ్ళు ఎవురూ లేరు గదా?" అని పెద్దాయన గట్టు మీద నుంచే అడిగాడట.

"నువ్వు పోయి నీళ్ళు కట్టుకోప్పా. మా సంగతి మేం చూసుకుంటాం."

పంట పోతుందన్న భయంతో ఆయన ఇంక తవ్వి అడగలేదు. పూత ఉన్నన్నాళ్ళూ వాళ్ళే పని చేశారు. ముట్టయిన రోజుల్లో కూడా ఎవరూ ఇంట్లో కూర్చోలేదు. ఆ రోజుల్లో తాకిన ప్రతి మొగ్గకు తెల్లదారానికి బదులు, పాత చీర అంచులోంచి లాగిన పచ్చదారం కట్టారు.

కాయలు పగిలాక పక్కింటి అక్క ఊళ్ళో ఆడవాళ్ళను చేనుకు పిలిచింది. అమ్మ చెయ్యి పట్టుకుని నేనూ పోయాను. "పెద్దాయనా, నీకు నచ్చిన కాయలు నువ్వే తొడిమతో కోసి చూపీ" అంది. ఆయన ఏరి ఏరి బలమైనవి కోశాడు. తెల్లదారాల మధ్య పచ్చదారాలు కనిపించాయి.

"ఏందిమ్మే ఈ పచ్చవి?"

ఆమె అందరి ముందూ చెప్పింది. ఆయన చేతిలో కాయలు అట్లాగే ఉండిపోయాయి. పారేయడానికి మనసు రాలేదు, పట్టుకోవడానికి ధైర్యం చాలలేదు.

"ఇంగేం జేస్తావప్పా, పత్తికి తలంటు పోస్తావా?" అని ఒక ముసలామె అంటే అందరూ గొల్లున నవ్వారు.

మా అమ్మ నవ్వలేదు. ఒక కాయ తీసుకుని గట్టు మీద కూలబడి, ఆ పచ్చదారాన్ని వేలితో నిమిరింది.

"నా బిడ్డ పెద్దమనిషి కాగూడదని మొక్కుకుంటినే తల్లీ. అయ్యింటే ఇంట్లో ఉండేది. బతికుండేది."

పక్కింటి అక్క పక్కన కూర్చుని అమ్మ తలను తన భుజానికి ఆనించుకుంది.

మరుసటి పంటకు మా అమ్మకే కబురు వచ్చింది. నేను బడికి పోయాను. ఎక్కువ చదువు అబ్బలేదు గానీ, ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ పోవడం వల్లనే. పక్కింటి అక్క చాలా ఏళ్ళు అట్లాగే చేను చేనూ తిరిగి, పోయినేడు కన్నుమూసింది.

ఇప్పటికీ ఆడపిల్లను ఎవరైనా దేన్నో తాకొద్దన్నా, ఎక్కడికో పోవద్దన్నా, "చూసినావా, విన్నావా?" అని అడుగుతాను. ముసలిదానికి చాదస్తమని మా ఇంట్లో నవ్వుతారు. అడిగిన ప్రతిసారీ నాకు పసుపు అంటిన ఆ గోళ్ళే కనిపిస్తాయి. ఒక్క పంట ముందు, ఎవరో ఒకరు, ఒక్క కాయకు పచ్చదారం కట్టి చూసి ఉంటే చాలు కదా.