బాపు కోసం ఆపిన కుర్చీలు

నవనీత గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని మా హాస్టల్ పిల్లలు నన్ను పట్టుకున్నారు. ఆదివారం ఖాళీ చేసి పోతోంది కదా, ఐదేళ్లు ఒకే గదిలో ఉన్నదానివి, నువ్వే చెప్పాలక్కా అన్నారు. నాకు ఒళ్లు మండింది. వీఆర్వో ఉద్యోగం దానికి వచ్చింది, నాకు రాలేదు. పైగా నేనే దాన్ని పొగడాలట! సరే, చెప్తాను. ఎలా చెప్పినా నా ఇష్టం.

నవనీతది నల్లగొండ పక్క. నేను సర్కారు ఉద్యోగ పరీక్షల కోసం జనగామ నుంచి అశోక్‌నగర్ హాస్టల్‌కు వచ్చిన వారానికే అదీ దిగింది, ఒక రేకు పెట్టె, ఒక బకెట్‌తో. కిటికీ పక్క మంచం నాది కావలసింది. "నాకు గాలి ఆడకుంటే నిద్ర రాదే భాగ్యా" అని ఒక్క మాట అన్నది, అంతే, మంచం దానిదైపోయింది. వంట చేసే బుగ్గమ్మ గరిటెను అడుగుదాకా ముంచి దానికి పప్పు వడ్డిస్తుంది, నాకు పైన తేలే నీళ్లు పోస్తుంది. నేను టైంటేబుల్ గీసి గోడకు అంటించుకుని, అలారం పెట్టుకుని మరీ చదువుతాను. అది బోర్లా పడుకుని, నేను పైకి చదివేది చెవిన వేసుకుంటుంది. ఒక్కసారి విన్నది మళ్లీ మరిచిపోదు. ఫలితాలొచ్చిన రోజు చూస్తే నాకంటే పైన ఉంటుంది. ఇంతకంటే అన్యాయం ఇంకోటి ఉంటుందా?

ఇవన్నీ పోనీ అనుకుంటాను. మా బాపు విషయంలో మాత్రం పోనీ అనుకోవడం నా వల్ల కాదు.

మా బాపు పేరు మొగిలయ్య. వ్యవసాయం చేస్తాడు. కానీ ఊళ్లో యక్షగానం ఆడినప్పుడు ఆయనే రాజు. మా అమ్మ పెండ్లి చీర కప్పిన కర్ర కుర్చీ ఆయన సింహాసనం. కొలువుకు వస్తూనే గొంతు పెంచి, "ద్వారపాలకా, అందరూ వచ్చినారా?" అని అడుగుతాడు. "వచ్చినారు మహాప్రభో!" అని ద్వారపాలకుడు అంటాడు. అప్పుడుగానీ రాజు కూర్చోడు, పాట ఎత్తుకోడు. ఇదంతా నేను చూసి చెప్తున్నది కాదు. రాజు వచ్చే వేళకు నేను ఎప్పుడూ నిద్రపోయేదాన్ని. చూద్దామని ముందు వరుసలో కూర్చునేదాన్ని, తెల్లారి ఇంట్లో చాప మీద లేచేదాన్ని. ఆ తర్వాత నన్ను గురుకులంలో వేశారు. హార్మోనియం వాయించే ఆయన చనిపోయాక ఆట కూడా ఆగిపోయింది.

అయితే ఇంట్లో అన్నాల దగ్గర బాపు రోజూ రాజే. కంచాలు పెట్టగానే, "ద్వారపాలకా, అందరూ వచ్చినారా?" అనేవాడు. "వచ్చినారు మహాప్రభో!" అని నేను అరిచేదాన్ని. నేను అనకపోతే ముద్ద ముట్టేవాడు కాదు. అమ్మ అన్నా ఒప్పుకునేవాడు కాదు, తమ్ముడు అన్నా ఒప్పుకునేవాడు కాదు. ఆ మాట నాది.

రెండు వేల పన్నెండు చలికాలంలో బాపు ఫోన్ చేశాడు.

"బిడ్డా, గా ఫిల్మ్ సిటీల రాజుల కోటలుంటయట గద?"

"ఉంటయి బాపు. దర్బారు గూడ ఉంటదట. నువ్వు రా, నేను చూపిస్త."

ఆ మాట అన్నప్పటి నుంచి నాకు నేల మీద కాలు నిలవలేదు. మూడేళ్లుగా పరీక్షలు రాస్తున్నాను, బాపుకు చూపించడానికి ఒక్క కాగితం లేదు. ఈ ఒక్క రోజయినా ఆయన ఊళ్లో చెప్పుకునేలా ఉండాలి. మా భాగ్యశ్రీ చూపించింది, మొత్తం చూపించింది అనాలి. నాకు కావలసింది అదొక్కటే.

అశోక్‌నగర్‌లో చదివేవాళ్లకు ఒక రోగం ఉంది. ఏ పని ముట్టుకున్నా సిలబస్‌లాగే చూస్తాం. అంతకుముందు ఫిల్మ్ సిటీకి వెళ్లొచ్చిన వాళ్లందరినీ పట్టుకుని, పాత ప్రశ్నపత్రాలు సేకరించినట్టు వివరాలు సేకరించాను. దేనికెంత సేపు, ఎక్కడ లైను ఎక్కువ, ఏది చూడకపోయినా నష్టం లేదు, అన్నీ. స్టంట్ షో అందరూ బాగుందన్నారు, దానికి గంట ఇచ్చాను. డాన్సుకు ముప్పావు గంట. బస్సులో తిప్పి సెట్లు చూపించడానికి గంటన్నర. దర్బారులో ఆట లేదు, పాట లేదు, ఊరికే చూడటమే. ప్రశ్నలు రాని చాప్టర్‌కు ఇచ్చినట్టు దానికి పావుగంట ఇచ్చాను. రంగు పెన్నులతో గీసిన ఆ ప్లాను చూసి గదిలో అందరూ శభాష్ అన్నారు. నవనీత మాత్రం మంచం మీద నుంచి లేవకుండానే, "మీ బాపునొకసారి అడగరాదే, ఏది ఎంతసేపు చూస్తడో" అన్నది.

దీన్నెవరడిగారు సలహా? నేను విననట్టే ఊరుకున్నాను.

బాపు ముందు రోజే వచ్చి, కవాడిగూడలో మా ఊరాయన దగ్గర పడుకుని, తెల్లారి హాస్టల్ గేటు ముందు నిలబడ్డాడు. తెల్ల ధోతి, ఇస్త్రీ అంగీ, చేతిలో సకినాల డబ్బా. నేను తల దువ్వుకుని కిందికి దిగేసరికి ఆ డబ్బా నవనీత చేతిలో ఉంది! మెట్ల మీద కూర్చుని కరకర నములుతూ, "బాపూ, నువ్వులు దండిగ వేసిండ్రు, మా అమ్మ గూడ గింత మంచిగ చెయ్యదు" అంటోంది. పరిచయమై ఐదు నిమిషాలు కాలేదు, అప్పుడే బాపూ అట!

"ఈ బిడ్డ రాదా?" అన్నాడు మా బాపు.

"దానికి చదువుకునేది ఉన్నది" అన్నాను.

"ఏం లేదు బాపూ, ఖాళీగనే ఉన్న" అన్నది నవనీత.

"ఇగ రారాదు మరి. ఇద్దరు బిడ్డలతోని పోయినట్టయితది." ఇద్దరు బిడ్డలు అన్న మాట నా గుండెలో ముల్లులా దిగింది.

కోఠిలో బస్సెక్కాం. కిటికీ పక్కన బాపును కూర్చోబెట్టి నా ప్లాను విప్పి చదివి వినిపించాను. ఆయన చివరిదాకా విని, "పార్కుల గూడ గింత సదువుడు ఉంటదా బిడ్డా?" అన్నాడు. నవనీత నవ్వాపుకోలేక ముఖం అటు తిప్పుకుంది. నాకు కనబడలేదనుకుంది కాబోలు.

లోపలికి వెళ్లాక మొదటి గంటలోనే నా ప్లాను కుంటడం మొదలుపెట్టింది. బాపు ప్రతి చెట్టు ముందూ ఆగుతాడు. గులాబీ కొమ్మ ఎట్లా కత్తిరించారో వంగి చూస్తాడు. "దా బాపు, దా" అని నేను ముందు నడుస్తాను. వెనక్కి తిరిగితే వాళ్లిద్దరూ మాలితో ఎరువుల గురించి మాట్లాడుతుంటారు. నవనీతకు ఎరువుల సంగతి ఏం తెలుసని? అయినా తల ఊపుతుంది, మహా తెలిసినట్టు.

దర్బారు దగ్గరికి వచ్చేసరికి బాపు అడుగు ఆగిపోయింది. పెద్ద పెద్ద స్తంభాలు, ఎర్ర తివాచీ, ఎత్తు మీద బంగారు రంగు సింహాసనం, అటొక సింహం, ఇటొక సింహం. చాలాసేపు నోరు తెరిచి చూశాడు. తర్వాత మెల్లగా ఒక స్తంభాన్ని వేలితో కొట్టి చూశాడు. డబడబమని మోగింది. పకపకా నవ్వాడు.

"అట్ట! మాది కర్ర కుర్చీ, వీళ్లది అట్ట కోట. మేం మేం ఒక్కటే పో!"

నేను టైం చూసుకున్నాను. పావుగంట ఎప్పుడో దాటింది. అవతల స్టంట్ షోకు జనం ఉరుకుతున్నారు.

"బాపు, ఇగ పోదాం. సీట్లు దొరకయి."

"జర ఆగు బిడ్డా. కండ్లనిండ చూడనియ్యి."

అప్పుడు నేను చేసిన పని మా చిక్కడపల్లి లైబ్రరీ వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యరు. మా దగ్గర పొద్దున తలుపులు తియ్యగానే ఉరికి, కుర్చీ మీద పుస్తకం పెట్టి, ఆ తర్వాత నిమ్మళంగా టిఫిన్‌కు పోతాం. పుస్తకం పెట్టిన కుర్చీని ఎవరూ ముట్టరు. "నేను పోయి సీట్లు ఆపుత, మీరు చూసి రాండ్రి" అని నవనీతతో చెప్పి పరుగెత్తాను. మంచి చోటు, నడిమధ్యన, నీడలో మూడు కుర్చీలు దొరికాయి. ఒకదాంట్లో నేను కూర్చుని, ఒకదాని మీద చున్నీ, ఒకదాని మీద జనరల్ స్టడీస్ పుస్తకం పెట్టాను. అవును, పార్కుకు కూడా పుస్తకం తెచ్చుకున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

అక్కడ మన చట్టం నడవదని నాకేం తెలుసు? ఒకావిడ వచ్చి నా పుస్తకం తీసి నా ఒళ్లో పడేసింది. నేను లాక్కుని మళ్లీ పెట్టాను. ఇంకొకాయన చున్నీ మీదే కూర్చోబోయాడు. "మా బాపు వస్తుండు, లెవ్వుండ్రి!" అని అరిచి రెండు కుర్చీల మీదా చేతులు చాచి కూర్చున్నాను. లేచి వాళ్లను పిలుచుకొద్దామంటే సీట్లు పోతాయి. ఫోన్ చేద్దామంటే బాపు తన ఫోన్ ఇంట్లో అమ్మకిచ్చి వచ్చాడు, నవనీత ఫోన్ నా సంచిలోనే ఉంది. షో మొదలైంది. మంటలు, దూకుళ్లు, పిస్తోళ్లు. జనం కేకలు పెడుతున్నారు. నేను గేటు వైపే చూస్తూ కూర్చున్నాను. షో అయిపోయింది. కుర్చీలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

కోపంతో కాళ్లీడ్చుకుంటూ దర్బారుకు వస్తే అక్కడ జనం గుంపు కట్టి ఉన్నారు. చప్పట్లు, ఈలలు. తోసుకుని లోపలికి వెళ్లాను. సింహాసనం ముందు మా బాపు నిలబడి ఉన్నాడు, భుజాల మీద నవనీత ఎర్ర చున్నీ రాజుల ఉత్తరీయంలా వేసుకుని. ముఖమంతా చెమట, ముఖమంతా నవ్వు. ఆట అప్పుడే అయిపోయింది. అక్కడి కాపలాదారు కూడా చప్పట్లు కొడుతున్నాడు. పిల్లలు ఆయనతో ఫొటోలు దిగుతున్నారు.

నన్ను చూడగానే బాపు కళ్లు మెరిశాయి. "బిడ్డా, ఎట్లున్నది? ఏడ నిలబడ్డవ్?"

 రాలేదని ఎట్లా చెప్పను?

"గా స్తంభం పక్కకు నిలబడ్డది బాపూ. మొత్తం విన్నది" అన్నది నవనీత.

అది నన్ను కాపాడిందని మీరనుకుంటారు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. మా బాపు దగ్గర నా తరఫున అబద్ధం ఆడటానికి ఇది ఎవరు?

తిరుగు బస్సులో బాపు ఆగకుండా మాట్లాడాడు. "చిన్నప్పుడెప్పుడు నేను రాంగనే పండుకుంటుంటివి. ఇయ్యాల మేల్కొని విన్నవ్. ఇగ చాలు బిడ్డా నాకు." మళ్లీ, "నవనీత మంచిగ చేసింది సుమా ద్వారపాలకుని వేషం. వచ్చినారు మహాప్రభో అని ఎంత మంచిగన్నదో!" అన్నాడు.

నా మాట! సింహాసనం పోతే పోయింది, ఆట పోతే పోయింది, నా మాట కూడా తీసుకుందా ఇది! హయత్‌నగర్ నుంచి కోఠి దాకా దాని ముఖం చూడలేదు. ఆ తర్వాత రెండేళ్లు, ఒకే గదిలో ఉంటూ, ఉప్పు అందుకో, లైటు ఆర్పు తప్ప పెద్దగా మాట్లాడలేదు. బాపు ఫోన్ చేసినప్పుడల్లా "నవనీత మంచిగున్నదా?" అని అడుగుతాడు. ఫోన్ దానికివ్వాలి. అది బాపూ బాపూ అని పావుగంట మాట్లాడుతుంది.

నిన్న రాత్రి అది పెట్టె సర్దుకుంటూ, ఎర్ర చున్నీ మడత పెడుతూ ఆగింది.

"భాగ్యా, నీకొకటి చెప్పాలె. నేనా మాట అనాలనుకోలేదే."

"ఏ మాట?" అన్నాను, తెలియనట్టు.

"అందరూ వచ్చినారా అని మీ బాపు అడిగిండు. జనమంతా ఎదురుచూస్తున్నరు. ఆయన మాత్రం దిక్కులు చూస్తుండు, నువ్వు ఎక్కడనన్న ఉన్నవేమో అని. మళ్ల అడిగిండు. మళ్ల చూసిండు. గొంతు సన్నగయింది. మూడోసారి అడిగితే నాకు తట్టుకోవశం గాలేదు. వచ్చినారు మహాప్రభో అన్న. నువ్వు గూడ వచ్చి వెనక ఎక్కడనో ఉన్నవనుకున్నడు కావచ్చు, ముఖం వెలిగిపోయింది. అప్పుడు కూసున్నడు, అప్పుడు పాడిండు."

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఏడుపు దానికి వినబడనివ్వకూడదని దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. అది కూడా విన్నట్టే ఉంది, లైటు ఆర్పింది.

పొద్దున లేవగానే డాబా మీదికి వెళ్లి బాపుకు ఫోన్ చేశాను.

"బాపు, అడుగు."

"ఏమడగాలె బిడ్డా? గింత పొద్దుగాల?"

"అందరు వచ్చిండ్రా అని అడుగు."

 బాపు గొంతు సవరించుకున్నాడు. అటు పక్క నుంచి బర్రె అరుపు వినబడుతోంది, అమ్మ ఎవరినో తిడుతోంది.

"ద్వారపాలకా! అందరూ వచ్చినారా?"

"వచ్చినారు మహాప్రభో!" అని అరిచాను. కింద గేటు దగ్గర పాలు పోయించుకుంటున్న బుగ్గమ్మ ఉలిక్కిపడి పైకి చూసింది.

ఇదీ నవనీత సంగతి. మంచి పిల్లే. ఇంకో నాలుగు ఉద్యోగాలు వచ్చినా తీసుకోనీ, కిటికీ పక్క మంచం ఐదేళ్లు పడుకుంది, పడుకోనీ. ఆ మాట మాత్రం ఈ పొద్దున వెనక్కి తెచ్చుకున్నాను. ఇక ఎవరికీ ఇవ్వను.